నెత్తిమీద ఖర్చు

"మావయ్యా, మీ ట్రస్టుకి ఓ కోచ్‌ని పంపిస్తున్నాను" అన్నాడు డల్లాస్ నుంచి మా మేనల్లుడు.

ఆ మాట వీధరుగు మీద కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టుకుని వినడం నా పొరపాటు. పాలు పోయడానికొచ్చిన కుర్రాడి చెవిన పడింది. సాయంత్రానికల్లా రావిచెట్టు కింద "మాస్టారి మేనల్లుడు అమెరికా నుంచి రైలుపెట్టె పంపిస్తున్నాడంటండి" అని చెప్పేసుకున్నారు.

నవ్వితే నవ్వండి గాని, కోనసీమ వాడికి కోచ్ అంటే రైలే గుర్తొస్తుంది. ఉన్నవాటికంటే లేనివే కదా మనిషికి ముందు గుర్తొచ్చేవి. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు వచ్చింది. వచ్చి, గౌతమి అవతలి ఒడ్డున నిలబడి, మా వైపు చూసి ఓ కూత కూసి వెనక్కి వెళ్ళిపోయింది. 1940లో యుద్ధం అవసరాలంటూ ఆ పట్టాలు కూడా పీక్కుపోయారు. 2004లో మళ్ళీ వేశారు. కోటిపల్లి నుంచి ఏరు దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరాల్సిన లైను 2000-01లో మంజూరైంది. అప్పట్నుంచి మా ఊళ్ళో పుట్టిన పిల్లలు పెళ్ళీడుకొచ్చారు గాని రైలు రాలేదు. అలాంటి చోటికి కోచ్ వస్తోందంటే జనం ఆశపడరూ?

"ఏసీ కోచ్ అటండీ, స్లీపరటండీ?" అని అడిగారు మా ట్రస్టు అధ్యక్షులవారు, మర్నాడు పొద్దున్నే.

"పెట్టె కాదండి, మనిషి. సేవాసంస్థలు నడిపేవాళ్ళకి విరాళాలు ఎలా అడగాలో నేర్పుతారట."

"అడుక్కోవడం నేర్పుతారా?"

"ఆయ్."

"దానికి ఫీజు కూడానా?"

"గంటకింతని ఉంటుందండి. మావాడే కట్టేశాడు."

ఆయన కాసేపు ఆలోచించి, "అంతర్వేది తీర్థంలో ఇంతకంటే అనుభవజ్ఞులు ఊరికే దొరికేవారు కదండీ" అన్నారు.

మా ట్రస్టు గురించి రెండు ముక్కలు చెప్పాలి. రాజోలు వైపు పల్లె మాది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిపోయి, ఒక్కరి కోసం పొయ్యి వెలిగించుకునే ఓపిక లేని ముసలివాళ్ళు ఊళ్ళో ఎక్కువైపోయారు. వాళ్ళతోపాటు అసలు పొయ్యిలో పెట్టడానికే ఏమీ లేనివాళ్ళూ ఉన్నారు. రిటైరైనవాళ్ళం నలుగురం కలిసి మధ్యాహ్నం ఒక పూట భోజనం పెట్టడం మొదలెట్టాం. రోజూ ముప్పైమంది దాకా వస్తారు. నేను కార్యదర్శిని. మాజీ పోస్టుమాస్టారు కోశాధికారి. ఆయన చేతిలో పడ్డ రూపాయి రిజిస్టర్డ్ పోస్టే, సంతకం లేకుండా బయటికి రాదు.

తిండికి మాకెప్పుడూ లోటు లేదు. కోతలయ్యాక బియ్యం బస్తాలు వాటంతటవే అరుగెక్కుతాయి. కొబ్బరికాయల మాట సరే. అరటాకులు, పనసకాయలు, కందదుంపలు ఎవరి పెరట్లోంచి వచ్చాయో కూడా తెలీదు. తండ్రి తద్దినం, మనవడి పుట్టినరోజు, కూతురి పెళ్ళిరోజు అంటూ "ఇవాళ్టి భోజనం మాది" అనేవాళ్ళు ఉండనే ఉన్నారు. మా చిక్కంతా ఫ్యాన్ల దగ్గర.

హాల్లో పదకొండు సీలింగు ఫ్యాన్లున్నాయి. అంత హాలు కాదది. నలుగురు ఇచ్చారు గదా అని ఐదోవాళ్ళూ, ఐదోవాళ్ళిచ్చారు గదా అని వాళ్ళ వియ్యాలవారూ ఇచ్చారు. ఒక రెక్క మీద 'కీర్తిశేషులు' అని, రెండో రెక్క మీద పేరు, మూడో రెక్క మీద 'జ్ఞాపకార్థం' అని ఎర్రరంగుతో రాయించారు. తిరిగితే పేరు కనపడదు. అంచేత దాతగారు ఊళ్ళోకొచ్చారని కబురందగానే పరుగెత్తి వారి ఫ్యాను ఆపేస్తాం. ఆయనొచ్చి, దాని కింద నిలబడి, చెమటలు కక్కుకుంటూ తండ్రి పేరు చదువుకుని మురిసిపోయి వెళ్తాడు.

ఇన్ని ఫ్యాన్లూ తిరగాలంటే, మోటారూ గ్రైండరూ ఫ్రిజ్జూ కలుపుకుని, కరెంటు బిల్లు నెలకి రెండున్నర వేలు అవుతుంది. ఫ్యాను ఇచ్చేవాళ్ళు పదకొండుమంది దొరికారు గాని, నాన్నగారి జ్ఞాపకార్థం కరెంటు బిల్లు కడతానన్న కొడుకు మాకింతవరకు తగల్లేదు. వంటావిడ జీతం, గ్యాసు బండ, ఆడిటరు ఫీజు, మోటారు కాలిపోతే వైండింగు – వీటి మీద పేరు రాయించుకోవడానికి చోటేదీ? కాబట్టి మూడు ఫ్యాన్లు తిరుగుతాయి. తక్కిన ఎనిమిదీ చదువుకోవడానికి.

మా మేనల్లుడు డబ్బే పంపేవాడు. నాలుగేళ్ళ కిందట వాడికి అమెరికా పౌరసత్వం వచ్చింది. ఆ సంతోషంలో మేం అప్పనపల్లి వెళ్ళి బాలబాలాజీకి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చాం. దాంతో మా ట్రస్టుకి వాడు 'విదేశీ మూలం' అయిపోయాడని తరవాత ఆడిటరు చెప్పాడు. మన పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళూ వాడు ఏ దేశంలో ఉన్నా బ్యాంకు ద్వారా పంపింది మనవాడి డబ్బే. పాస్‌పోర్టు మారిందా, సొంత అక్క కొడుకైనా సరే విదేశీ విరాళాల చట్టం కిందికొస్తాడు. అది పుచ్చుకోవాలంటే రిజిస్ట్రేషను కావాలి. దానికి మూడేళ్ళలో సేవ మీద 15 లక్షలు ఖర్చుపెట్టినట్టు లెక్క చూపించాలి. మా ఖర్చు అందులో సగం తూగదు. పైగా 2020 సవరణ తరవాత ఆ డబ్బు పడాల్సిన ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. మా పోస్టుమాస్టారు రాజోలు బ్రాంచికి వెళ్ళాలన్నా పెరుగన్నం మూట కట్టుకుని బయల్దేరతారు.

"డబ్బు పంపలేకపోయినా హైదరాబాదు నుంచి మనిషిని పంపించగలను కదా మావయ్యా. చేపలివ్వడం కాదు, పట్టడం నేర్పాలంటారు" అన్నాడు వాడు.

"ఒరే, గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకి చేపలు పట్టడం హైదరాబాదు వాళ్ళు నేర్పుతారట్రా?"

వాడు ఫోను పెట్టేశాడు. సిగ్నలు పోయిందనుకుంటాను.

కోచ్ రోహిణి కార్తెలో దిగింది. ముప్పై ఏళ్ళ అమ్మాయి. రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెం మీదుగా కారులో వచ్చేసరికి మొహం కందగడ్డలా అయిపోయింది. హాల్లోకి అడుగుపెట్టి, తిరుగుతున్న మూడు ఫ్యాన్లలో ఒకదాని కిందికి చేరి, మూడు బొండాలు తాగాక గాని మాట పెగల్లేదు. మర్నాటినుంచి రెండు రోజుల శిక్షణ. గోడకి అధ్యక్షులవారి పట్టుపంచె కట్టాం. దాని మీద బొమ్మలు పడ్డాయి. జరీ అంచు దగ్గర అక్షరాలు మెరిసిపోయాయి.

"సర్, ముందు ఒక విషయం చెప్పండి. మీ ఓవర్‌హెడ్స్ ఎంత?"

అధ్యక్షులవారు తల పైకెత్తి లెక్కపెట్టారు. "పదకొండమ్మా. తిరిగేవి మూడు."

"నీళ్ళ ట్యాంకుతో కలిపితే పన్నెండు" అని సరిదిద్దారు పోస్టుమాస్టారు. ఆయనకి లెక్క తప్పితే నిద్ర పట్టదు.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వాపుకున్నట్టు మాత్రం కనపడింది. తరవాత విడమర్చి చెప్పింది. అన్నంలోకి పోయే ఖర్చు వేరు, అన్నం పెట్టే ఏర్పాటు నిలబడ్డానికయ్యే ఖర్చు వేరట. ఈ రెండోదాన్నే ఓవర్‌హెడ్ అంటారట. అది ఇవ్వడం లోకంలో ఏ దాతకీ ఇష్టం ఉండదట. ఇష్టం ఉండదు గదా అని సంస్థలు ఆ ఖర్చు తగ్గించి చూపిస్తాయి. అంత తక్కువలోనే నడుస్తోంది గదా అని దాతలు మరుసటేడు ఇంకా తగ్గిస్తారు. ఇలా సంస్థలు తమ కడుపు తామే మాడ్చుకోవడాన్ని అమెరికాలో ఇద్దరు 2009లో ఓ పత్రికలో వివరంగా రాసి, దానికి ఆకలి చక్రమని పేరు కూడా పెట్టారట. మన విదేశీ విరాళాల చట్టంలో కూడా పాలనాఖర్చు పరిమితి ఇదివరకు 50 శాతం ఉండేదాన్ని 2020లో 20కి దించేశారు.

నేను ఫ్యాన్ల వంక చూశాను. ఆ అమెరికావాళ్ళు మా హాలు చూడకుండా ఇంత కచ్చితంగా ఎలా రాశారో!

నెత్తిమీద ఖర్చన్నమాట. ఇంగ్లీషువాడు పేరు సరిగ్గానే పెట్టాడు.

తరవాత కంపెనీల చట్టం వచ్చింది. నికరలాభం ఐదు కోట్లు చేరిన కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సేవకి ఖర్చు చెయ్యాలి. "ఈ చుట్టుపక్కల అంత లాభం వచ్చే కంపెనీలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగింది. "లాభాలున్నాయమ్మా. కంపెనీలే లేవు" అన్నారు పోస్టుమాస్టారు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వైపు చూస్తూ. ఆ పేజీ అక్కడితో తిప్పేసింది.

"ఇప్పుడు మీ థియరీ ఆఫ్ చేంజ్ చెప్పండి. అంటే మీరీ పని ఎందుకు చేస్తున్నారు, దీనివల్ల ఏం మారుతుంది?"

మేం నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. వెనకాల కూర్చుని గోంగూర ఆకు కోసుకుంటున్న మా వంటావిడ తలెత్తకుండానే, "ఆకలేత్తాది కదమ్మా" అంది.

ఆ అమ్మాయి అదే రాసుకుంది. నిజానికి ఈ ప్రశ్నకి మా సీమలో ఇంతకంటే పెద్ద జవాబు ఎవరూ చెప్పలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) బతికినన్నాళ్ళూ వచ్చినవాడికి వచ్చినట్టు వండి పెట్టారు. కులం అడగలేదు, వేళ అడగలేదు. ఓసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని బయల్దేరి, దారిలో ఎవరో ప్రయాణికులు తమ పిల్లలతో "గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అనుకోవడం విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారని చెప్పుకుంటారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలిస్తే వెళ్ళలేదనీ, చివరికి ఆవిడ ఫోటో తీయించి పట్టుకెళ్ళారనీ కూడా చెప్తారు. ఇప్పుడు గన్నవరం అక్విడెక్టుకి ఆవిడ పేరే. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి ఆవిడ పేరే.

ఇదంతా చెప్తే కోచ్ అమ్మాయి శ్రద్ధగా విని, "మరి సస్టైనబిలిటీ?" అంది.

"అంటే?"

"డబ్బు అయిపోతే ఎలా అనుకున్నారు?"

"ఆవిడ అనుకోలేదమ్మా. ఉన్న పొలాలు పెట్టేశారంటారు."

ఆ అమ్మాయి కలం కిందపెట్టేసి, ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

మధ్యాహ్నం పంచె మీద పెద్ద త్రికోణం పడింది. దాతల పిరమిడ్ అట. అడుగున చిన్న మొత్తాలిచ్చేవాళ్ళు బోలెడుమంది, శిఖరాన పెద్ద మొత్తమిచ్చేవాళ్ళు ఒకరిద్దరు. అడుగువాళ్ళని మెల్లగా పైకి ఎక్కించాలట. అధ్యక్షులవారు దాన్ని ఎగాదిగా చూసి "ఇది ప్రభలా ఉందండి" అన్నారు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు వాళ్ళ ప్రభలు కౌశికలో దిగి, పీకల్లోతు నీళ్ళలో మనుషుల భుజాల మీద గట్టెక్కుతాయి. అంత ప్రభని వెదుళ్ళు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, పొలాలకడ్డంపడి మోసుకెళ్ళేవాళ్ళకి ఎవరు చందా అడిగారు, ఎవరు శిక్షణ ఇచ్చారు? మోసేవాడు తన భుజం తన హక్కనుకుంటాడు. ఏ ఏడైనా ఒకణ్ణి మొయ్యనివ్వకపోతే కొట్లాటే. "ఇక్కడ పైకి ఎక్కాలని ఎవడూ అనుకోడమ్మా. కిందే చోటు చాలదు" అన్నారు అధ్యక్షులవారు.

అన్నిట్లోకీ ఆ అమ్మాయిని నిలువునా పడగొట్టింది మటుకు చదివింపుల పుస్తకం.

దాతల వివరాలు ఎక్కడ రాసి ఉంచుతారని అడిగింది. మేం నీళ్ళు నమిలాం. రసీదు పుస్తకాల మిగులుముక్కలు తప్ప మా దగ్గరేమున్నాయి? అప్పుడు మజ్జిగ పట్టుకొచ్చిన అధ్యక్షులవారి భార్య, "ఇలాంటిదా అమ్మా?" అంటూ ఇంట్లోకెళ్ళి, అట్టకి పసుపు మరకలున్న ఓ పొడుగు పుస్తకం తెచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి చదివింపులు. పేరు, ఊరు, వరస, మొత్తం. 'రాగిబిందె ఒకటి.' 'నూట పదహార్లు.' ఒక పేరు ఎదుట 'యాభై ఒకటి' అని, పక్కనే చిన్న అక్షరాల్లో 'మాట పట్టింపు'.

"అదేంటండీ?"

"వాళ్ళింటి పెళ్ళికి మేం నూటొకటి చదివించాం తల్లీ. మా అమ్మాయికి వాళ్ళు యాభై ఒకటి చదివించారు. మళ్ళీ వాళ్ళ రెండోవాడి పెళ్ళికి మేం యాభై రెండు. మేం ఎక్కువే ఇచ్చినట్టు ఉండాలి గదా."

ఆవిడ పేజీలు తిప్పుతూ, ఎవరింట ఏ శుభకార్యం రాబోతోందో, ఎవరు ఎవరితో మాట్లాడుకోవడంలేదో, ఎవరు పైకి లేదంటూ లోపల ఇవ్వాలనుకుంటారో ఓ గంటసేపు చెప్పింది. సాఫ్ట్‌వేరు వాళ్ళు నెలనెలా అద్దె పుచ్చుకుని ఇచ్చేది సరిగ్గా ఇదేనట, అందులో పట్టింపు అరలు మాత్రం ఉండవట. కోచ్ అమ్మాయి ఆ పుస్తకాన్ని ఫోటోలు తీసుకుంది. రెండో రోజు ఉదయం మొదటి గంట అధ్యక్షులవారి భార్య చేతనే పాఠం చెప్పించింది. మా కమిటీలో ఆడవాళ్ళు ఎందుకు లేరని మమ్మల్ని అడిగింది. అధ్యక్షులవారు పంచె మీద బొమ్మ బాగా కనపడుతోందో లేదో చూసే పనిలో పడ్డారు. ఆవిడ ఇప్పుడు కమిటీలో ఉన్నారు.

పోయేముందు ఆ అమ్మాయి నాకు మూడు పనులు అప్పజెప్పింది. ఒకటి, ఇచ్చినవాళ్ళకి రెండు రోజుల్లోగా ఫోను చేసి కృతజ్ఞత చెప్పాలి, ఏమీ అడక్కూడదు. రెండు, లిఫ్టులో ఎక్కి దిగేలోగా మన సంగతంతా చెప్పడం సాధన చెయ్యాలి. మూడు, అడిగేటప్పుడు అంకె చెప్పాలి. చెప్పాక నోరు మూసుకోవాలి. ముందుగా నోరు తెరిచినవాళ్ళదే ఓటమి.

మొదటిది చేశాను. క్రితం నెల ఐదువందలిచ్చిన ముమ్మిడివరం పెద్దాయనకి ఫోను చేశాను.

"ఏమీ లేదండి, మీకు థాంక్స్ చెబుదామని."

"ఎంత కావాలండి?"

"ఏమీ వద్దండి."

"మరెందుకు చేశారు? మీ ఒంట్లో బానే ఉందాండి?" గొంతులో నిజమైన కంగారు. మర్నాడు ఆయన బస్సెక్కి వచ్చి నన్ను చూసి, నాడి పట్టుకున్నంత పనిచేసి, పోతూ పోతూ పోస్టుమాస్టారి చేతిలో నాలుగువేలు పెట్టబోయారు. రెండువేలు దాటితే నగదుకి పన్ను రాయితీ రాదనీ, ఎకౌంటులో వెయ్యాలనీ, పాన్ నంబరు కావాలనీ ఈయన చెప్పడం మొదలెట్టారు. పాన్ అనే మాట వినగానే ఆ నాలుగువేలు కాస్తా రెండువేలైపోయాయి. మిగతా రెండువేలూ జేబులోకి వెనక్కి వెళ్తుంటే నేను కళ్ళారా చూశాను.

లిఫ్టు సాధన కుదర్లేదు. అమలాపురంలో ఓ ఆసుపత్రిలో లిఫ్టు ఉంది. అందులో ఎక్కినవాళ్ళు మౌనంగా అంకెల వంక చూస్తూ దేవుణ్ణి తలుచుకుంటారు. అక్కడ చందా అడిగితే తంతారు.

ఇక మూడోది. ఊళ్ళో కొబ్బరి షావుకారు గారొకరున్నారు, పెద్ద తోటల ఆసామీ. పాఠం మననం చేసుకుంటూ వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చుని, ఉపోద్ఘాతం లేకుండా, "షావుకారు గారూ, మా హాలుకి ఏడాది కరెంటు బిల్లు ముప్పైవేలు మీరివ్వాలండి" అన్నాను. అని, నోరు మూసుకున్నాను.

ఆయన నావంక చూశారు. నేను ఆయన వంక చూశాను. గోడ గడియారం కొట్టుకుంటోంది. కోనసీమలో ఇద్దరు మనుషులు ఒక అరుగు మీద మాట్లాడకుండా కూర్చోవడం మామూలు విషయం కాదు. ఎదురింటివాళ్ళు కిటికీ తీశారు. ఓ కుక్క వచ్చి మా ఇద్దరినీ వాసన చూసి వెళ్ళింది. కాఫీ పట్టుకొచ్చిన షావుకారు గారి భార్య మా మొహాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసులు వణికాయి. "ఎవరికేమైందండీ? పెద్దన్నయ్యగారికేనా?" అని ఏడుపు అందుకుంది.

ఆ పెద్దన్నయ్యగారు కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారట, నాకేం తెలుసు? ఆవిణ్ణి ఊరడించడానికి నేను నోరు తెరవక తప్పలేదు. తరవాత ఓ గంటసేపు వారి గుండె గురించి, స్టెంటు ధరల గురించి మాట్లాడుకున్నాం. వచ్చేటప్పుడు నాకు పది కొబ్బరికాయలిచ్చి పంపారు.

ఆ రాత్రి సంచీలో కాయలు చూసుకుంటుంటే దుర్గాబాయిగారు గుర్తొచ్చారు. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, అప్పటికి పన్నెండేళ్ళు నిండని పిల్ల, బయటి సభలకి రాలేని దేవదాసీలనీ, ఘోషా స్త్రీలనీ ఆయన విడిగా కలవాలని పట్టుబట్టింది. ఐదువేల రూపాయల నిధి పోగుచేస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు ఏర్పాట్లు చూసేవాళ్ళు. పోగుచేసింది. గాంధీగారు వచ్చి, ఇస్తామన్న వ్యవధి దాటి మాట్లాడితే, ఆ ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆ పిల్లే రెండేళ్ళ తరవాత కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూగారిని గుమ్మం దగ్గర ఆపేసింది. పెద్దయ్యాక, దేశంలో మాలాంటి సంస్థలకి గ్రాంట్లిచ్చిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి 1953లో తొలి అధ్యక్షురాలైంది. ఆవిడకి కోచ్ లేరు, పంచె మీద బొమ్మలు లేవు. అంకె మాత్రం ఉంది. ఆ అంకె నాకూ ఉంది గదా! మరి నాకెక్కడ తప్పింది? చోటు తప్పిందేమో.

పదిహేను రోజుల తరవాత షావుకారు గారి తోటలో దింపు. ఆయన చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి కాయలు లెక్కపెట్టుకుంటున్నారు. దింపు కుర్రాడు కాళ్ళకి తాడు తగిలించుకుని, నడుముకి కత్తి దోపుకుని ఎక్కుతున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడి, నేను కూడా తల పైకెత్తాను. వాడు మొవ్వు అందుకునేలోగా మా హాలు కథంతా చెప్పేశాను, పదకొండు ఫ్యాన్లూ, మూడు తిరగడమూ, అన్నీ. లిఫ్టు లేకపోతేనేం!

"ఏడాదికి ముప్పైవేలండి" అన్నాను.

ధప్. ధప్. రెండు కాయలు పడ్డాయి. ఆయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చెట్టు కింద మౌనానికి ఎవరూ ఏడవరు. పైకి చూస్తున్నారంతే అనుకుంటారు. ధప్. ధప్. ధప్.

"వెయ్యి కాయ ఏ రేటు పలుకుతోందో తెలుసాండి మాస్టారూ?" అన్నారాయన, తల దించకుండానే. ముందు నోరు తెరిచింది ఆయనే. నా గుండె దడదడలాడింది. అయినా పాఠం గుర్తుంచుకుని పెదవులు బిగించాను.

అప్పుడు పైనుంచి, ఆకాశవాణి లాగా, దింపు కుర్రాడి గొంతు వినపడింది. "ఒప్పేసుకోండి షావుకారు గారండోయ్! మాయమ్మ అక్కడే భోంచేత్తాది. ఒకటే ఉడికిపోతన్నామని రోజూ గోలండి బాబూ!"

వాడు కత్తి ఆపేసి కిందికి చూస్తున్నాడు. షావుకారు గారు పైకి చూస్తున్నారు. ఇంకా సగం గెల చెట్టు మీదే ఉంది.

"ముందు కాయలు దింపరా" అన్నారాయన. వాడు కదల్లేదు. "సరేలెండి మాస్టారూ, ఇచ్చేద్దాం" అన్నారు, ధప్పుమని.

చెక్కు రాసేటప్పుడు ఆయన కలం ఆపి, "మరి మా నాన్నగారి పేరెక్కడ రాయిస్తారండి?" అని అడిగారు. అది నేను ఆలోచించలేదు. కోచ్ అమ్మాయికి ఫోను చేస్తే, సంవత్సర నివేదికలో వెయ్యండంది. మాకు సంవత్సర నివేదిక అంటే పోస్టుమాస్టారి చేతిరాత. చివరికి కరెంటు మీటరు బోర్డు మీద, ఎర్రరంగుతో, ఫ్యాన్లకి రాసినవాడి చేతే రాయించాం. రీడింగు తియ్యడానికొచ్చిన కుర్రాడు అది చదివి, "ఈయన పేరు మీద సర్వీసు లేదండి, పేరు మార్పుకి అప్లికేషను పెట్టుకోవాలి" అన్నాడు. అన్నం పెట్టి పంపించాం.

ఇప్పుడు పదకొండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. దింపు కుర్రాడి తల్లి ఏడో ఫ్యాను కింద చోటు పట్టుకుని, గాలి మరీ ఎక్కువైందని పమిట చెవుల మీదుగా చుట్టుకుని తింటోంది.

మొన్న ఆ ఏడో ఫ్యాను ఇచ్చినాయన కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. కబురు ముందుగా అందలేదు. గుమ్మంలో నిలబడి తల పైకెత్తి అన్నీ చూశాడు. అన్నీ తిరుగుతున్నాయి, ఒక్క అక్షరం కనపడదు.

"మా నాన్నగారి ఫ్యాను ఏదండీ మాస్టారూ?"

చూపించాను. ఆపమంటారా అని అడిగాను. అతను కింద ముసలమ్మ వంక చూశాడు. ఆవిడ తల ఎత్తకుండా పప్పుచారు జుర్రుకుంటోంది.

"ఆపకండి. కొంచెం తగ్గించగలరా?"

రెగ్యులేటరు ఒకటో నంబరు మీద పెట్టాను. ఫ్యాను నెమ్మదించింది. అతను దాని కింద నిలబడి, రెక్కతోపాటు మెడ తిప్పుతూ, తిప్పుతూ, పేరు చదువుకోవడానికి ప్రయత్నిస్తూ, రెండు చుట్లు చుట్టూ తిరిగి, తూలి స్తంభం పట్టుకున్నాడు.